క్రీడోత్సవములును చిన్న వర్తకుల ఎగుమతి బేరములును

తిరునాళ్లకు పోయినవారందఱును దేవుని దర్శనమునకే పోవుదురని చెప్పజాలము. గాజులవాడు, కుంకుమవాడు, మిఠాయివాడు, ఎడ్ల బేరగాడు మొదలగువారు జనము చేరుచోట గిరాకి యుండునని యెఱిగి పోవుదురు. దేశదేశములవారు చేరి యాడుకొను గొప్ప క్రీడోత్సవములును వ్యాపార దృష్టితో చూచినచో ఒకవిధమగు తిరునాళ్లే. ఒలింపిక్కు క్రీడలకును, ఫుట్‌బాలు ప్రపంచపు కప్పునకును, కామన్వెల్తు క్రీడలకును ఆటగాండ్రు, ప్రేక్షకులు మాత్రమే గాక, సరుకు కొనువారును, కొనిపించు దళారులును, వర్తక సంఘముల ప్రతినిధులును వచ్చుచుందురు.

అయితే తిరునాళ్ల బేరమునకును ఎగుమతి బేరమునకును ఒక గొప్ప భేదము గలదు. తిరునాళ్లలో గాజులు కొన్న యామె మరల ఆ గాజులవాని మొగము చూడకపోవచ్చును. అందువలన అతనికి నష్టము లేదు. ఎగుమతి వర్తకమునందో, లాభమంతయు రెండవసారి, మూడవసారి వచ్చు ఆర్డరులోనే యున్నది. మొదటి ఆర్డరు సొమ్ము నమూనాలకును, పరీక్షలకును, పత్రములకును, రాకపోకలకును చెల్లిపోవును. కావున పదునైదు దినములలో ముగిసిపోవు ఆటల పండుగ చిన్న పనివానికిని, చిన్న సంఘమునకును, ఏటేట సరుకు కొను దూరదేశపు వర్తకుని ఎట్లు సంపాదించి పెట్టగలదు అనునది ఆలోచింపదగిన ప్రశ్న. 2030వ సంవత్సరపు కామన్వెల్తు క్రీడలను మన దేశమున అహమ్మదాబాదునందు జరుపుటకు 2025 నవంబరులో నిర్ణయమైనది గనుక, సహకార సంఘముల సభ్యులు ఈ సంగతిని ముందుగనే తెలిసికొనుట మంచిది.

సియాల్కోటు బంతి

ఇందుకు మిక్కిలి తగిన ఉదాహరణము సియాల్కోటు. ఇది పాకిస్తానమునకు జెందిన పంజాబులో, జమ్మూ సరిహద్దునకు చేరువనున్న పట్టణము. ఇంగ్లీషు సైన్యపు దొరలు ఆడుకొను బంతి చినిగిపోగా, గుఱ్ఱపు జీనులు కుట్టు నొక పనివాడు దానిని బాగుచేసి, పిమ్మట తానే క్రొత్తబంతి కుట్టి యిచ్చెనని అచ్చట ఒక కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను, 19వ శతాబ్దము ముగియునాటికే ఆ పట్టణమున ఆటసామగ్రి చేయుట ఒక వృత్తిగా స్థిరపడినది. 1947లో దేశము విభజింపబడినప్పుడు ఈ పనియందు ఆరితేరిన హిందువులును సిక్కులును అనేకులు సియాల్కోటు విడిచి జలంధరునకును, మీరటునకును వచ్చి చేరిరి. నేడు మన దేశమున ఆటసామగ్రికి ఆ రెండు పట్టణములు ప్రసిద్ధి వహించుటకు అది యొక ముఖ్యకారణము.

చేతికుట్టు బంతి చూచుటకు సామాన్యముగ నుండునే గాని చేయుట సామాన్యము గాదు. ఆఱుమూలల ముక్కలు 20, ఐదుమూలల ముక్కలు 12, వెరసి 32 ముక్కలను మైనము పట్టించిన దారముతో కుట్టి, కుట్టు పైకి కనబడకుండ తిరుగవేయవలెను. నేర్పరియగు పనివాడు దినమునకు మూడు నాలుగు బంతులకంటె నెక్కువ కుట్టుట కష్టము. ఇట్లు ఇంటింట కుట్టిన బంతులే ఆ పట్టణమును ప్రపంచమునకు పరిచయము చేసినవి. అచ్చట ఏటికి సుమారు 4 కోట్ల బంతులు తయారగుననియు, ప్రపంచపు కప్పు జరుగు సంవత్సరమున ఆ సంఖ్య 6 కోట్ల వఱకు పెరుగుననియు అంచనా వేయుచుందురు. పందెములలో ఆడుటకు కావలసిన బంతులు ఈ లెక్కలో లవలేశమే. తక్కినవన్నియు టెలివిజనులో ఆట చూచి, అటువంటి బంతియే కావలెనని మారాము చేయు పిల్లల కొఱకు దేశదేశముల అంగళ్లకు పోవునవి. ఈ మర్మము రైతుసోదరులు గుర్తింపవలెను. క్రీడోత్సవమువలన కలుగు గిరాకిలో పెద్దపాలు ఆ యుత్సవము జరుగు ఊరిలో నుండక, దానిని చూచువారి యిండ్లలో నుండును. కావున ఎగుమతి చేయదలచినవారు ఆటస్థలపు గుమ్మమువద్ద అంగడి కొఱకు పోటీపడుటకంటె, ఆ ఆటను చూచు దేశములలో తమ సరుకు పంచిపెట్టగల పెద్ద వర్తకునితో పరిచయము చేసికొనుట మేలు.

1982లో స్పెయిను దేశమున జరిగిన ప్రపంచపు కప్పునకు సియాల్కోటులో కుట్టిన టాంగో బంతులు వాడుటతో ఆ పట్టణము పేరు మ్రోగినది. ఈ కీర్తి యొక్క రెండవ ముఖము 1996లో కనబడినది. ఆ యేడు ఐరోపా ఖండపు ఫుట్‌బాలు పోటీలు ఇంగ్లండులో జరుగుచుండెను. అందఱి దృష్టియు బంతిమీదనున్న ఆ సమయముననే, ఆ బంతులను కుట్టువారిలో పసిపిల్లలు గలరని అమెరికాలోని లైఫు పత్రిక ఫోటోలతో ప్రకటించెను. పిల్లలు కుట్టుట అంతకు ముందును ఉన్నదే; కాని లోకము చూచుచున్న వేళ బయటపడుటచే కొనుగోలుదారులు తడబడిరి. సియాల్కోటు వాణిజ్యమండలి, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐక్యరాజ్య సమితికి జెందిన యూనిసెఫు కలిసి 1997 ఫిబ్రవరిలో అమెరికాలోని అట్లాంటా నగరమున ఒక ఒడంబడిక చేసికొనిరి. దాని ప్రకారము ఇండ్లలో కుట్టు పనిని నమోదైన కుట్టుకేంద్రములకు మార్చవలెను. తనిఖీదారులు ఎప్పుడు వచ్చినను లోనికి రానీయవలెను. పిల్లలను బడికి పంపవలెను.

ఏర్పాటు మంచిదే. ఐనను దానివలన ఇబ్బందిపడినవారును గలరు. ఇల్లు విడిచి పోలేని స్త్రీలు ఇంటనే కుట్టి సంపాదించుచుండిన నాలుగు డబ్బులు పోగొట్టుకొనిరి. స్త్రీలకు వేఱుగ కేంద్రములు కొన్నిచోట్ల ఏర్పడినను అవి అందఱికిని అందుబాటులో లేకపోయెను. పదేండ్లయిన పిమ్మట, 2006 నవంబరులో, అమెరికా దేశపు నైకి కంపెనీ సియాల్కోటులోని యొక పెద్ద సంస్థతో, బంతులు చాటుగ ఇండ్లలో కుట్టించుచున్నదన్న కారణమున, బేరము తెంచుకొనెను. పెద్ద కొనుగోలుదారు ఒక్కనినే నమ్ముకొన్న సంస్థకు అట్టి తెంపు ఎంతటి దెబ్బయో చెప్ప నక్కఱలేదు. పొగాకును కొలది కంపెనీలకే అమ్ముకొను మన గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులకు ఇది బాగుగ తెలిసిన బాధ.

ఇంతలో మఱియొక చిక్కు వచ్చిపడినది. 2006లో జర్మనీయందు జరిగిన ప్రపంచపు కప్పునకు కుట్టులేని బంతి వచ్చెను. ముక్కలను వేడిచేసి అతికించిన ఆ బంతి థాయిలాండులో తయారయ్యెను. 2010లో దక్షిణాఫ్రికా పోటీలకు వాడిన బంతి చైనాలో తయారయ్యెను. చేతికుట్టు పనిలో సాటిలేని పట్టణము, సూదికి పని లేని బంతి రాగానే వెనుకబడిపోయినది. చిన్నపిల్లల బంతులును, ప్రచారపు బంతులును కుట్టుచు కాలము గడపవలసివచ్చునేమో యని భయపడినవారు లేకపోలేదు.

అప్పుడు ఖ్వాజా మసూద్ అఖ్తర్ అను కర్మాగారపు యజమాని చేసిన పని చెప్పుకొనదగినది. ఆయన ఫార్వర్డు స్పోర్ట్సు అను సంస్థకు అధిపతి. 2006లో జర్మనీకి పోయి ఆట చూచినప్పుడే, ఈ బంతిని మా యూరిలో చేయవలెనని కోరిక పుట్టినదని ఆయన తరువాత పత్రికలవారితో చెప్పెను. అడిడాసు కంపెనీకి ఆయన సంస్థ అప్పటికే చాల ఏండ్లనుండి ఇతర రకముల బంతులు పంపుచుండెను. 2014 ప్రపంచపు కప్పు బ్రెజిలులో జరుగుటకు కొంత ముందు, చైనాలోని కర్మాగారము గిరాకికి తగినన్ని బంతులు అందింపలేకపోవుచున్నదని విని, అఖ్తరు వెంటనే అడిడాసువారిని తన యూరికి పిలిపించెను. ఉన్న యంత్రములు ఆ పనికి చాలవని తేలినది. సాధారణముగ నెలల తరబడి పట్టు ఏర్పాటును 33 దినములలో పూర్తిచేసి, క్రొత్త యంత్రములు నిలిపి, బ్రజూకా అను ఆ బంతిని చేయు ఆర్డరును సంపాదించెను. ఆ యంత్రములవద్ద స్త్రీలు పెక్కుమంది పనిచేసిరి. 2018లో రష్యాయందును, 2022లో ఖతారునందును జరిగిన పోటీలకు సైతము ఆ సంస్థ బంతులు పంపినది.

ఈ కథ వినినవారు 33 దినముల సాహసమునే మెచ్చుకొందురు. నా యభిప్రాయమున అంతకంటె ముఖ్యమైనవి దానికి ముందు గడచిన ఏండ్లు. ముందు పరిచయము లేని వర్తకుడు కబురు పంపిన అడిడాసువారు వచ్చియుండరు. మామూలు బంతులను చెప్పిన గడువునకు, చెప్పిన నాణ్యముతో, ఏటేట పంపిన వాడగుటచేతనే ఆ కబురునకు విలువ కలిగినది. ఉత్సవము తలుపు తెఱచిన మాట నిజమే. తలుపువద్ద అప్పటికే నిలిచియున్నవాడు లోనికి పోయెను.

సియాల్కోటువారి మఱియొక పని సహకార సంఘముల సభ్యులు తప్పక తెలిసికొనదగినది. ఆ యూరికి సముద్రము లేదు; కరాచీ రేవు చాల దూరము. సుంకపు తనిఖీలు రేవులో జరుగుటచే సరుకు నిలిచిపోయెడిది. అందుచే 1980 దశాబ్దమున ఎగుమతిదారులు కూడి తమ యూరియొద్దనే పొడిరేవు నొకటి నెలకొల్పుకొనిరి. అనగా సుంకపు పరీక్ష అంతయు అచ్చటనే ముగించి, పెట్టెకు ముద్ర వేసి, తిన్నగ ఓడకు పంపు స్థలము. తరువాత తమలో తాము చందాలు వేసికొని విమానాశ్రయమునే కట్టుకొనిరి. అది 2007లో పనిచేయుట ప్రారంభించెను. బంతులవారు, శస్త్రచికిత్స పనిముట్లు చేయువారు, తోలు చేతితొడుగులవారు పరస్పరము పోటీపడువారే యైనను, దారి యందఱికిని ఒక్కటే గనుక ఆ దారికి అందఱును సొమ్ము పెట్టిరి.

పరిచయము చేయించు సంఘములు

పండుగకు వచ్చిన వర్తకుని పట్టుకొనుట యెట్లను విషయమున ఆస్ట్రేలియావారు మంచి యుపాయము కనిపెట్టిరి. 2000లో సిడ్నీ నగరమున ఒలింపిక్కు క్రీడలు జరిగినప్పుడు, ఆ ప్రభుత్వపు వాణిజ్యశాఖ ఒక వ్యాపార క్లబ్బు నడపెను. ఆట చూచుటకు వచ్చిన విదేశీయులలో వర్తకులెవ్వరో ముందుగ గుర్తించి, ఆ వర్తకమునే చేయు ఆస్ట్రేలియావారితో కలుపుట దాని పని. 2003 రగ్బీ పోటీలప్పుడును, 2006 మెల్‌బోర్ను కామన్వెల్తు క్రీడలప్పుడును అట్లే చేసిరి. సిడ్నీలో చేయి తిరిగినవారికి తరువాతి ఉత్సవములలోను పని దొరకినది. 2008 బీజింగు ఒలింపిక్కులకు కట్టిన ప్రసిద్ధమైన ఈతకొలను భవనమును, చైనావారితో కలిసి రూపొందించినవారిలో సిడ్నీ శిల్పులు గలరు.

న్యూజీలాండు మనవలెనే పొలమును పశువును నమ్ముకొన్న దేశము. 2011లో రగ్బీ ప్రపంచపు కప్పు తమ దేశమున జరిగినప్పుడు, వారును ఇట్టి క్లబ్బు పెట్టి, వచ్చిన వర్తకులకు అదే వృత్తిలోని స్థానికులచే ఆతిథ్యము ఇప్పించిరి. ఆక్లండు రేవుకట్టమీద పొడవైన తాత్కాలిక భవనము నొకటి కట్టి, తమ దేశపు సరుకులను ప్రదర్శించిరి. ద్రాక్షసారాయి కొనువానికి దుకాణములో సీసా చూపుటకంటె తోటకు తీసికొనిపోయి తీగ చూపుట మేలు గదా!

లండనులో నోటికి తాళము

2012 లండను ఒలింపిక్కులనాటి వృత్తాంతము మాత్రము కొంత విచిత్రమైనది. కాంట్రాక్టుల ప్రకటనలను చిన్న సంస్థలకును తెలియజేయుటకు అచ్చట మంచి యేర్పాటు చేసిరి. దానివలన అనేక చిన్న సంస్థలకు పని దొరకినది. కాని ఒప్పందములో ఒక షరతు గలదు: తాము ఒలింపిక్కులకు సరుకు ఇచ్చితిమని ఆ సంస్థలు ప్రకటించుకొనరాదు. ఏలయన, కోట్లకొలది సొమ్మిచ్చి ఒలింపిక్కు పేరును వాడుకొను హక్కు కొన్న పెద్ద కంపెనీలకు అది భంగము గదా యని నిర్వాహకుల వాదము. చిన్నవానికి ఆ కాంట్రాక్టులో మిగులు లాభము స్వల్పము; అతడు దానిని చౌకగ ఒప్పుకొన్నదే, రేపు మఱియొక దేశమున పని యడుగునప్పుడు ఈ పేరు చెప్పుకొనవచ్చునను ఆశతో. ఆ పేరే చెప్పరాదన్నచో ఇంకేమి మిగులును? ఈ ఫిర్యాదులు పెరుగగా, 2013 జనవరిలో ఒక పథకము పెట్టి, అర్జీ పెట్టుకొన్నవారికి తాము సరుకిచ్చిన సంగతి చెప్పుకొనుటకు అనుమతి యిచ్చిరి. అప్పటికి ఆటలు ముగిసి అయిదు నెలలు దాటినది. అహమ్మదాబాదు క్రీడలకు ఎవరైన సరుకు ఒప్పుకొన్నచో, ధరకు ముందు ఈ షరతును చదువుకొనుట మంచిది.

క్రీడోత్సవమువలన దేశపు ఎగుమతులు నిజముగ పెరుగునా అని ఆర్థికశాస్త్రజ్ఞులును తర్కించిరి. ఆండ్రూ రోజ్, మార్కు స్పీగెలు అను ఇద్దఱు అమెరికా పండితులు ఒలింపిక్కులు జరిపిన దేశముల ఎగుమతులు శాశ్వతముగ హెచ్చినవని లెక్కలు చూపిరి. వింత యేమనగా, క్రీడలు తమకు కావలెనని కోరి, దొరకక నిరాశపడిన దేశములకును అంతే మేలు కలిగినట్లు వారి లెక్కలో తేలెను. కావున మేలు ఆటలవలన గాక, మేము లోకముతో వర్తకము చేయదలచితిమని దేశము చాటుటవలన కలిగినదని వారి సిద్ధాంతము. చైనా 2001 జూలైలో ఒలింపిక్కులను పొంది, ఆ డిసెంబరులోనే ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరుటను ఇందుకు దృష్టాంతముగ చూపుదురు. మఱికొందఱు పండితులు, ఆటలు జరుపుదేశములు మొదటినుండియు సంపన్న దేశములే గనుక ఆ పోలిక సరిగాదని ఖండించిరి. ఈ వివాదము మన కంతగా అక్కఱలేదు.

నామక్కల్లు గ్రుడ్లు

మనకు సమీపమున జరిగిన సంగతి యొకటి గలదు. తమిళనాడులోని నామక్కల్లు ప్రాంతము కోళ్ల పెంపకమునకు ప్రసిద్ధము. అచ్చటి గ్రుడ్లు గల్ఫు దేశములకు చాలకాలమునుండి పోవుచున్నవి. 2022 నవంబరు 20 మొదలు డిసెంబరు 18 వఱకు ఖతారులో ప్రపంచపు కప్పు జరిగినప్పుడు, లక్షలకొలది ప్రేక్షకులకు ఫలాహారము పెట్టవలసివచ్చెను. అదే కాలమున టర్కీ గ్రుడ్ల ధర పెరుగుటచే, ఖతారు వర్తకులు నామక్కల్లునుండి మామూలుకంటె చాల ఎక్కువ గ్రుడ్లు తెప్పించుకొనిరి. అనగా కేవలము ఆటలే కారణము గాదు. ధరల తేడా లేనిచో అంత గిరాకి మనవైపు మరలియుండదు.

కొన్నాళ్లకు, 2024లో, చిన్న గ్రుడ్లు తమకు వలదని ఖతారు కట్టడి చేసెను. 60 గ్రాములు, అంతకు మించిన తూకము గల గ్రుడ్లే కావలెనట. మన కోళ్ల గ్రుడ్లలో 50 గ్రాముల తరగతివి హెచ్చు. ఈ కట్టడిని గూర్చి మన పార్లమెంటులోను ప్రస్తావన జరిగినది. పండుగనాడు ఏ తూకమైనను తీసికొన్న కొనుగోలుదారుడు, తీఱిక దొరకినపిమ్మట తూకము చూచుట లోకసహజము. గ్రుడ్ల యుత్పత్తిలో దేశమునకెల్ల మొదటిదైన ఆంధ్రప్రదేశమున, ఉభయ గోదావరి, కృష్ణా ప్రాంతముల కోళ్ల రైతులు ఈ సంగతిని తమ సంఘములలో చర్చింపవలెను. పెద్ద గ్రుడ్లు కావలెనన్నచో కోడి వయస్సు, మేత, వర్గీకరణ యంత్రము అన్నియు మారవలెను. ఆ ఖర్చు ఒక్కరైతు భరింపదగినది గాదు.

మన సంఘములు చేయగలిగినది

అహమ్మదాబాదునకు 74 వఱకు దేశములు, ప్రాంతములనుండి ఆటగాండ్రును, వారితో అధికారులును వత్తురు. వారిలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కనడా, మలేషియా వంటి దేశములలో మన మిరపకాయలు, పసుపు, మామిడిపండ్లు, చేనేత బట్టలు ఎఱుగనివారు లేరు. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించు దేశములును ఇవియే. కాని వట్టి నమూనా చేతపట్టుకొని పోయినచో ప్రయోజనము లేదు. ఎగుమతి చేయువారికి విదేశ వాణిజ్య డైరెక్టరేటునుండి కోడు నంబరు కావలెను. పండ్లకు అపెడా సంస్థయందును, మిరప, పసుపులకు సుగంధద్రవ్యముల బోర్డునందును నమోదు కావలెను. ప్రాథమిక సంఘములు ఈ తంటా లన్నియు విడివిడిగ పడనక్కఱలేదు. 2023లో కేంద్రప్రభుత్వము ఆమోదముతో నేషనల్ కోఆపరేటివ్ ఎక్స్‌పోర్ట్సు లిమిటెడ్ అను బహురాష్ట్ర సహకార సంఘము ఎగుమతుల కొఱకే యేర్పడినది. గ్రామస్థాయి సంఘములును దానిలో వాటాలు తీసికొని సభ్యత్వము పొందవచ్చును. సంఘపు సర్వసభ్య సమావేశమున తీర్మానము చేసి అర్జీ పంపవలెను.

మిరప రైతులకు ప్రత్యేకముగ ఒక మాట. ఐరోపా దేశములు మసాలా దినుసులలో అఫ్లటాక్సిను అను బూజువిషము కిలోకు 10 మైక్రోగ్రాములకు మించరాదనియు, అందులో బి1 అను రకము 5 మైక్రోగ్రాములకు మించరాదనియు నియమించినవి. ఈ బూజు పొలములోను పట్టును గాని, కోసిన కాయను తడినేలమీద ఆరబోసినప్పుడును, మంచు కురియు రాత్రులలో కప్పక వదలినప్పుడును, తూకము కొఱకు నీరు చల్లినప్పుడును హెచ్చుగ పట్టును. గచ్చు కల్లములు గాని, టార్పాలిను పట్టాలు గాని సంఘము తరఫున సమకూర్చి, కాయలోని తేమ నూటికి పదికి దిగినపిమ్మటనే గోతములకెత్తుట మంచిది. సుగంధద్రవ్యముల బోర్డువారి పరీక్షాశాల గుంటూరులోనే కలదు. రాబోవు పంటనుండియే ప్రతి సంఘమును తన సభ్యుల కాయల నమూనాలు అచ్చటకు పంపి, పరీక్షాపత్రములను ఏడాది వారీగ దాచియుంచుకొనినచో, కొనుగోలుదారుడు వచ్చి యడిగినప్పుడు చూపుటకు కొన్నియేండ్ల లెక్క చేతిలో నుండును.